నాలుగు కాళ్లకూ మూడు రోజులే

"మా ప్రభుత్వంలో గేదె ఎక్కువా కాదు, మేక తక్కువా కాదు. ఏ పశువుకు సూది వేసినా ఆ మందు సరిగ్గా మూడు రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోవాలి. వెళ్లిపోతుంది కూడా" అని పశుసంవర్ధక శాఖ మంత్రిగారు 2006లో తెనాలి సభలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. వేదిక మీద ఆఖరి కుర్చీలో ఉన్న నగరం మండలం పశువుల డాక్టరు ఫరూక్ కూడా కొట్టాడు. కొట్టక చస్తాడా? ఆ మూడు రోజులు కనిపెట్టింది అతనే.

సంగతేమిటంటే, ఆ ఏడాది రక్తం తాగే పిడుదులు పెరిగి పశువులకు ఎర్రమూత్రం జబ్బు పట్టుకుంది. రక్తంలో దూరిన పరాన్నజీవిని చంపడానికి పచ్చటి సూది మందు వచ్చింది. మందు మంచిదే. కాకపోతే కొన్నాళ్లు పాలలోకి దిగుతుంది, ఆ పాలు పారబోయాలి. ఎన్నాళ్లనేది జంతువును బట్టి ఉంటుంది. మేక ఒంట్లోంచి పోయినంత తొందరగా గేదె ఒంట్లోంచి పోదు. ఇలాంటి తేడాలు ప్రజాస్వామ్యానికి మంచివి కావని మంత్రిగారికి తోచి, సర్వే చేయమన్నారు. ఆవు, గేదె, గొర్రె, మేక, జాతికి పది చొప్పున సూది వేసి, రోజూ రక్తం తీసి ల్యాబుకు పంపాలి.

ఫరూక్ నిజంగానే తీద్దామనుకున్నాడు. ఆసుపత్రి జీపు మంత్రిగారి పర్యటనలో ఉంది. నడిచి వెళ్తే మొదటి గేదే తన్నింది. ఆసుపత్రి వెనక ఇమాం బీ మేక ఉంది. అవిశాకు చూపిస్తే మెడ అందిస్తుంది. దానికి మందు ఎక్కించి, నలభై పశువుల రక్తమూ దాని దగ్గరే తీశాడు.

"ఒక్కదాన్నే అన్నిసార్లు గుచ్చుతున్నావేంటి బేటా?" అంది ఇమాం బీ.

"ఇది మేక కాదు ఖాలా, జిల్లా" అన్నాడు ఫరూక్.

రిపోర్టు వచ్చింది. నాలుగు జాతులూ గంట అటూ ఇటూ కాకుండా మూడో రోజునే మందును బయటికి పంపేస్తున్నాయి. ఇంత క్రమశిక్షణ తమ సిబ్బందిలో కూడా చూడలేదని హైదరాబాదు అధికారులు మురిసిపోయారు. జీవో వచ్చింది. ఫరూక్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. మందు సీసా మీద, పాలు ఎన్నాళ్లు పారబోయాలో కంపెనీవాడు అచ్చేసిన చోట, మంత్రిగారి నవ్వుముఖం స్టిక్కరు వచ్చింది. ఖాళీ సీసాను రైతు జ్ఞాపికగా దాచుకోవాలి. బాపట్లలో క్షీరోత్సవం పెట్టి, సూది వేసిన గేదె పాలు నాలుగో రోజున మంత్రిగారు స్వయంగా తాగుతారని కూడా ప్రకటించారు.

ఉత్సవానికి ముందురోజు ఉదయం బసవమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఆమె గేదెకు సూది వేసి ఆ రోజుకు మూడు రోజులు.

"డాక్టరు బాబూ, రేపట్నించి పాలు మనవడికి పట్టొచ్చంటగా? మైకులో చెప్పారు. మా అమ్మాయికి పాలు పళ్లేదు. మూడ్రోజుల్నించి గంజే పడతన్నా. పది నెల్లోడు, ఏడిచి ఏడిచి గొంతు పోయింది."

"జీవోలో మూడే ఉందమ్మా."

"జీవో సంగతి కాదు బాబూ. మీరు చెప్పండి."

గేదెకు పదకొండని ఫరూక్‌కు తెలుసు. పదకొండంటే రిపోర్టులో మూడెందుకుందని అడుగుతారు. రిపోర్టు వెనక మేక ఉంది, మేక వెనక ఉద్యోగం ఉంది. అతనికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే, "ఆ బల్ల మీద కూర్చోమ్మా, చూస్తాను" అన్నాడు.

అంతలో కారు ఆగింది. మంత్రిగారి పీఏ సుధీర్ దిగాడు.

"డాక్టరుగారూ, రేపల్లెలో అయ్యగారింట్లో గేదెకి మొన్న మీరే సూది వేశారు గదండి. మనవరాలు పాపకి ఆ పాలే. ఎన్నాళ్లు ఆగమంటారు?"

"మూడేనండి. మంత్రిగారే చెప్పారు గదా."

"అది సభకి చెప్పిందండి. ఇంటికెంత?"

"మరి రేపు బాపట్లలో అయ్యగారు తాగే పాలు?"

"అవి ప్యాకెట్ పాలండి. పొద్దున్నే వచ్చేస్తాయి."

"జీవో దాటి నేను చెప్పలేనండి" అన్నాడు ఫరూక్.

సుధీర్ మందుల ట్రేలోంచి ఒక సీసా తీసుకుని, మంత్రిగారిని నుదుటి దగ్గర్నుంచి గోటితో గీకడం మొదలుపెట్టాడు. "గట్టి జిగురండీ. కాంట్రాక్టు మా బావమరిదిదే" అన్నాడు గర్వంగా. గడ్డం కూడా పోయాక కింది అక్షరాలు చదువుకుని, వరండాలోకి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోనులో మాట్లాడాడు.

బసవమ్మ లేచి ఎదురెళ్లింది. "ఎన్నంట అయ్యా?"

"మూడేనమ్మా" అని సుధీర్ కారెక్కాడు.

బసవమ్మ ఫరూక్ వైపు చూసింది. ఫరూక్ గోడ మీది ప్రశంసాపత్రం వైపు చూశాడు. ఆమె కొంగుముడి విప్పి తన జ్ఞాపిక తీసింది. బల్ల మీద కూర్చుని, మంత్రిగారి నవ్వు దగ్గర గోరు ఆనించి గీకసాగింది. పొలం పనికి అరిగిపోయిన గోరు, ఊరికే జారిపోతోంది.

ఫరూక్ కాసేపు చూశాడు. తర్వాత దూదిని స్పిరిట్‌లో ముంచి ఆమె చేతిలో పెట్టాడు. నవ్వు ఊడివచ్చింది.

"నాకు చదువు రాదు బాబూ" అంది బసవమ్మ. సీసాను అతని మొహానికి ఎదురుగా పట్టుకుని, చదివేదాకా చెయ్యి దించలేదు.