మోకాటిలోతు మర్మం

...అసలు మేధావి అన్నవాడికి ఏదో ఒక లోపం ఉండి తీరుతుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, తనలో ఎంత వెతికినా ఒక్కటీ కనపడకపోవడమే కొంతకాలంగా పద్మనాభయ్యను కలవరపెడుతోంది. వెతికినవాడు సామాన్యుడైతే సరిగా వెతకలేదనుకోవచ్చు. వెతికింది ఎవరు? కోట ఊరి చుట్టుపక్కల ఏ చీమ ఏ పుట్టలోంచి బయలుదేరిందో అడుగుజాడ చూసి చెప్పగల డిటెక్టివ్ పద్మనాభం. ఆయనకే దొరకలేదంటే, లేదనే అర్థం.

ఈ నిర్ణయానికి వచ్చేసరికి పడవ రేవు వదిలింది. వెదురు గెడ బురదలో దిగింది. పులికాట్ సరస్సు నీళ్ళు పడవ పక్కల్ని మెల్లగా తట్టాయి.

పద్మనాభయ్య తలలో ఒక గొంతు ఎప్పుడూ కథ చదువుతూ ఉంటుంది. నాయుడుపేట బస్టాండు దగ్గర అద్దెకిచ్చే అపరాధ పరిశోధన నవలలు ఏళ్ళ తరబడి చదవగా చదవగా ఆ గొంతు అక్కడే కాపురం పెట్టింది. మడికి నీళ్ళు కడుతున్నా, మజ్జిగన్నం తింటున్నా ఊరుకోదు. ఇప్పుడూ అందుకుంది: ‘నల్లకళ్ళద్దాల వెనక డిటెక్టివ్ పద్మనాభం కళ్ళు డేగకళ్ళలా మెరిశాయి. పెదవుల మీద ఒక చిరునవ్వు కదిలింది. ఆ నవ్వు వెనక ఎందరు నేరస్థుల గుండెలు...’

చిరునవ్వు కోసం నోరు కొంచెం తెరిచాడేమో, దోమ ఒకటి లోపలికి పోయింది. ఆయనకు పొలమారింది.

“మంచినీళ్ళు ముంతలో ఉండాయి అయ్యా” అన్నాడు గెడ వేస్తున్న మాలకొండయ్య.

ఈ ప్రయాణంలో పద్మనాభయ్య పద్మనాభయ్య కాదు. మద్రాసు నుంచి వచ్చిన వ్యాపారి. పొద్దుగుంకే వేళ సరస్సు అందం చూడాలని ముచ్చటపడి, పడవను తామిద్దరికే మాట్లాడుకున్నాడు. మారువేషానికి నల్లకళ్ళద్దాలు, తన పెళ్ళినాటి కోటు. ఆ కోటు పెళ్ళిళ్ళకూ, పట్నానికి పోయేటప్పుడూ, పరిశోధనకూ మాత్రమే పెట్టెలోంచి బయటికి వస్తుంది. మద్రాసు వ్యాపారి భార్యగా నటించవలసిన మనిషి, ఆ సంగతి తెలియని ఆయన భార్య వెంకటశేషమ్మ, ఎదురుగా పలక మీద కూర్చుని ఉంది.

ఆమెకు చెప్పింది ఒకటే మాట: “పదవే, పులికాట్‌లో పొద్దుగుంకడం చూపిస్తా.” పెళ్ళయిన కొత్తలో ఆమె అడిగిన ముచ్చట అది. వచ్చే నెల, ఈ కోత కానీ, ఆ వాన పోనీ అంటూ అది ఎటో జారిపోయింది. ఈ రోజు మధ్యాహ్నం భర్త తనంతట తానే ఆ మాట అనేసరికి ఆమె కాసేపు ఆయన ముఖం చూసి, జ్వరమేమోనని నుదురు తాకి, తర్వాత జరీ అంచు చీర తీసింది. డబ్బాలో చక్కిలాలు పోసుకుంది. చెవుల్లో మాత్రం వేపపుల్లలే ఉన్నాయి.

కేసంతా ఆ వేపపుల్లల దగ్గర మొదలైంది.

వెంకటశేషమ్మ ఎర్రరాళ్ళ కమ్మల్లో ఒకటి కనపడకుండా పోయింది. ఒంటి కమ్మ పెట్టుకోలేక రెండోదాన్ని పెట్టెలో పెట్టేసింది. ఎక్కడో జారి ఉంటుంది, ఊడ్చేటప్పుడు దొరుకుతుందిలే అని ఆమె అన్నది. డిటెక్టివ్ పద్మనాభం ఆ మాట విని జాలిగా తల ఊపాడు. లోకంలో ఏదీ జారదు. జార్చబడుతుంది. ఆ వారంలో గడప తొక్కిన పరాయి మనిషి ఎవరు? రొయ్యల గంపతో వచ్చే ముసలమ్మ. ఆమె ఏళ్ళుగా వస్తోంది కదా అంటే, అదే అసలు అనుమానించవలసిన విషయం; ఏళ్ళుగా కాచుకుని ఉందన్నమాట.

ఆయన ముసలమ్మ వెనక సరస్సు ఒడ్డున ఉన్న జాలరుల పాళెం దాకా పోయి, వలలు ఆరేసిన దడి చాటున నక్కాడు. అక్కడ చూసింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మగవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో ఒక ముంత. ఒక్కొక్కరే లేచి, మాట్లాడకుండా, ముంతలో ఏదో వేశారు. గవ్వ ఒకరు, తాటాకు ముక్క ఒకరు, చింతగింజ ఒకరు. మాలకొండయ్య వేసినదాంట్లో ఎర్రగా ఒక మెరుపు. తర్వాత పాళెం పెద్ద గంగులయ్య కళ్ళు మూసుకుని ముంతలో చెయ్యిపెట్టి ఒక్కటి తీసి, ఈ అమాస నీది అన్నాడు. మాలకొండయ్య తల వంచాడు.

ముఠా. ఎవరు ఏ నేరం చెయ్యాలో చీటీలు కూడా లేకుండా నిర్ణయించుకునే ముఠా. దోచిన కెంపు సభ్యత్వానికి గుర్తు. అమావాస్యనాడు పని. ఏ పని? బంగారం దొంగరవాణాయో, అంతకు మించిందో. ఈ పరమ రహస్యాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు, కోటలో టీ అంగడి దగ్గర కూర్చున్న నలుగురికి తప్ప. వాళ్ళ చేత కూడా ఎవరికీ చెప్పబోమని ఒట్టు వేయించుకున్నాడు. ఈ రోజే ఆ అమావాస్య.

పడవ కొంత దూరం పోయాక మాలకొండయ్య గెడ ఆపి, పడవ ముందుభాగంలో ఉన్న లాంతరును పద్మనాభయ్య కాళ్ళ దగ్గరకు జరిపాడు.

“ఇదెందుకు?” అన్నాడు పద్మనాభయ్య, గొంతులో మద్రాసు తెచ్చుకుని.

“ఉండనీండి అయ్యా. పనికొస్తాది.”

వెంకటశేషమ్మ అడిగింది, ఈ రోజు వలకు పోలేదేమని. మాలకొండయ్య గెడ మీద బరువు వేసి, నీళ్ళకు చెబుతున్నట్టు చెప్పాడు. పాళెంలో అందరూ ఒకేచోట వల వేస్తే కొట్టుకు చస్తారని, సరస్సును వంతులు వేసుకుంటారు. ఎవరి గుర్తు వాళ్ళు ముంతలో వేస్తే పెద్ద చెయ్యిపెట్టి తీస్తాడు. ఈ అమావాస్యకు, రొయ్య బాగా కదిలే చోట, వల కట్టే గుంజల దగ్గర వంతు వాళ్ళింటికి వచ్చింది. చాన్నాళ్ళకు వచ్చింది. ఇంతలో ఎవరో పెద్దమనిషి, వాళ్ళమ్మ కమ్మ దొంగిలించిందని అన్నాడట.

“దొంగమాట పడిన ఇంటోళ్ళు, ఆ మాట తేలేదాకా వలెయ్యకూడదమ్మా. గంగులయ్య మామ గట్టిగా చెప్పినాడు. మాట గట్టు మీద పుట్టినా నీళ్ళ మీదనే తేలాల. ఆ మాటన్న మనిషే పడవ మీద లాంతరెత్తి చూపిస్తే నింద పోయినట్టు. చుక్క పొడిచేలోపల ఎత్తలేదనుకో, వంతు పక్కింటికి పోతాది.”

“వంతు పోతే పోతాది, మళ్ళా వస్తాది గానీ” అంటూ గెడ పైకి లాగి మళ్ళీ దింపాడు. “మా అమ్మ గంప ఎత్తుకోని ఏ గడప తొక్కతాది ఇంక?”

“ఎవురు నాయనా ఆ మాటన్నాయన?” అన్నది వెంకటశేషమ్మ.

“ఎవురో కోట పక్క ఆసామంట. ఈ మద్రాసు అయ్యకు తెలిసుండదులే.”

ఆమె చక్కిలం డబ్బా మూత పెట్టింది. భర్త కోటు, కళ్ళద్దాలు ఒకసారి పైనుంచి కిందికి చూసింది. పొద్దు చూపిస్తానని ఎందుకు తీసుకొచ్చాడో ఆ చూపులోనే ఆమెకు అర్థమైపోయిందని పద్మనాభయ్యకు తెలిసింది. ఏదైనా అంటే బాగుండేది. ఆమె ఆయనకు వీపు పెట్టి, గట్టు వైపు తిరిగి కూర్చుంది. అక్కడ తాటిచెట్ల వెనక పొద్దు ఎర్రగా దిగుతోంది. గట్టు మీద పాళెం జనం నిలబడి ఉన్నారు. వాళ్ళకు దూరంగా, ఒక్కతే, ఒక మనిషి కూర్చుని ఉంది. పక్కన గంప బోర్లించి ఉంది.

పద్మనాభయ్య మనసులో ఏదో చిన్నగా కదిలింది. నోట్లోకి పోయిన దోమ లాంటిది. వెంటనే గొంతు ఆదుకుంది: ‘ఎంత చక్కని కట్టుకథ! డిటెక్టివ్ పద్మనాభం కాక మరొకరైతే కరిగిపోయేవారు. కానీ ఆ డేగకళ్ళు...’ డేగకళ్ళు మాలకొండయ్య మొలను చూశాయి. పంచె చుట్టులో, గెడ వేసినప్పుడల్లా పైకి వచ్చి దాక్కుంటూ, ఎర్రగా ఒక బొట్టు.

కెంపు.

ఈ క్షణం కోసమే కదా ఇన్ని రాత్రులు కిరసనాయిలు తగలబెట్టింది. గబుక్కున లేచి, చెయ్యి చాచి, “కదలొద్దు, నీ ఆట కట్టు” అన్నాడు.

మాలకొండయ్య కదలలేదు. పడవ కదిలింది. డిటెక్టివ్ పద్మనాభం ఒక కాలు గాలిలోనూ, ఒక కాలు చక్కిలం డబ్బా మీదా పెట్టి, వెనక్కి విరుచుకుని నీళ్ళలో పడ్డాడు.

నీళ్ళు ముక్కులోకీ, చెవుల్లోకీ పోయాయి. పాతాళం దాకా లోతు ఉంటుందని ఆయన ముందే అంచనా వేసుకుని ఉన్నాడు. ముఠాలు లోతులేని చోట పని పెట్టుకోవు. చేతులతో ఆకాశాన్ని పట్టుకోబోయాడు. మునిగాడు, తేలాడు, భార్యకు పొలం పత్రాలు ఎక్కడున్నాయో చెప్పబోయి మళ్ళీ మునిగాడు. గొంతు మాత్రం ఆగలేదు: ‘ఆ విధంగా ఒక మహా మేధావి జీవితం...’

“లెయ్యండయ్యా” అన్నాడు మాలకొండయ్య. “మోకాటిలోతే.”

పద్మనాభయ్య లేచాడు. మోకాటిలోతే. ఇంకా చెప్పాలంటే మోకాలికి కొంచెం తక్కువ. కళ్ళద్దాలు ఎటో పోయాయి. చెవి మీద నాచు వేలాడుతోంది. గట్టు మీది జనంలోంచి నవ్వు ఒకటి నీళ్ళ మీదుగా మెల్లగా వచ్చి చేరింది. బోర్లించిన గంప పక్క మనిషి మాత్రం నవ్వినట్టు లేదు.

ఆయన పడవ ఎక్కి కూర్చున్నాడు. వెంకటశేషమ్మ కోటు విప్పి, పడవ అంచున పెట్టి పిండసాగింది. ఎంత కోపంలో ఉన్నా తడిబట్ట చూస్తే పిండకుండా ఉండలేని మనిషి ఆమె. మాలకొండయ్య మొలలోంచి ఆ ఎర్రబొట్టు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. గురివింద గింజ.

“ఇదయ్యా నా గుర్తు. మొన్న ముంతలో ఏసింది ఇదే.”

వెంకటశేషమ్మ తల తిప్పి దాన్ని చూసింది. “దీని నలుపు దీనికి తెలవదంట” అని, మళ్ళీ పిండుతూ, చెయ్యి వెనక్కి లాక్కుంది. “అబ్బ, ఏందో గుచ్చుకొనింది.”

లోపలి జేబు అడుగున చిరుగు. ఆ చిరుగులోంచి జారి, గుడ్డకూ అస్తరుకూ మధ్య ఏదో గట్టిగా తగిలింది. ఆమె అస్తరును పంటితో చింపింది. తడి దూదిలో చుట్టిన ఎర్రరాళ్ళ కమ్మ ఆమె ఒళ్ళో పడింది. దాని సీల వదులుగా ఊగుతోంది.

పద్మనాభయ్యకు నాయుడుపేట బస్సు గుర్తొచ్చింది. ఆ రోజు ఉదయం కమ్మ సీల వదులైందని తనే గమనించాడు. ఆమెకు చెప్పకుండా కంసాలి ఆచారి దగ్గర బాగుచేయించి తెచ్చి, రాత్రి చేతిలో పెడితే ఎలా ముఖం పెడుతుందో చూడాలనుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమెను ఆశ్చర్యపెట్టాలని అనిపించిన రోజు అదొక్కటే. దూదిలో చుట్టి జేబులో వేసుకున్నాడు. బస్సులో నవల తెరిచాడు. పెట్టెలో శవం దొరకబోతోంది. నాయుడుపేట వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. శవం దొరికింది. కమ్మ మనసులో ఏ అస్తరులోకి జారిందో ఆయనకే తెలియలేదు.

‘అయితే’ అని గొంతు మళ్ళీ అందుకుంది, ఈసారి కొంచెం తడబడుతూ, ‘నేరస్థులు కమ్మను డిటెక్టివ్ కోటులోనే దాచిపెట్టే సాహసం...’ చాలా మంచి సిద్ధాంతం. ఏ టీ అంగడిలోనైనా నిలబడుతుంది. ముసలమ్మ దాచింది, దొరుకుతుందని భయపడి. లేక ముఠాలో ఇంకొకడు...

“బాగుచేయించాలనుకున్నా” అని ఆయన నోరు తనంతట తానే అన్నది. “నీకు చెప్పకుండా.”

వెంకటశేషమ్మ ఆయన వైపు చూసింది. నుదురు తాకి చూసినప్పటి చూపే. తర్వాత చెవిలో వేపపుల్ల తీసి, నీళ్ళలో పడేసి, వదులు సీలతోనే కమ్మ పెట్టుకుంది. ఒంటి కమ్మ. మాలకొండయ్యను అగ్గిపెట్టె అడిగి లాంతరు వెలిగించింది. గాజుబుడ్డి దించి, పద్మనాభయ్య ముందు పెట్టింది. ఎత్తమని అనలేదు.

పొద్దు పూర్తిగా దిగింది. తాటిచెట్ల మీద వెలుగు కుంకుమ కడిగిన నీళ్ళలా ఉంది. ఇదేనా ఆమె చూడాలనుకున్నది, అనుకున్నాడు పద్మనాభయ్య. మాలకొండయ్య గెడ ఆపి ఆకాశం వైపు చూస్తున్నాడు. గట్టు మీద గంప పక్కనున్న మనిషి లేచి నిలబడింది.

‘డిటెక్టివ్ పద్మనాభం...’ అని మొదలుపెట్టి గొంతు ఆగింది. తర్వాతి వాక్యం దానికి తెలియదు. ఇన్ని నవలల్లో ఏ డిటెక్టివూ లాంతరు ఎత్తలేదు. మొట్టమొదటిసారిగా ఆయన తలలో ఎవరూ ఏమీ చదవడం లేదు. నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఆయన పడవలో మెల్లగా, పడకుండా లేచి నిలబడి, లాంతరు రెండు చేతులా పట్టుకుని తలకంటే పైకి ఎత్తాడు.