మూసిన తలుపు వెనక జపాన్ పాట

ఇంట్లో మనశ్శాంతి కావాలంటే ఏం చెయ్యాలని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే చెబుతాను. పిల్లల గదిలో ఒక జపాన్ పాట పెట్టించండి. రెండు పాటలొద్దు, ఒక్కటి చాలు. గదిలో మనిషి ఉన్నంతసేపూ అదే మోగాలి.

నవ్వకండి. తొమ్మిదో తరగతితో చదువాపినదాన్నే గానీ, భయపడటంలో నాకు సాటి వచ్చేవాళ్లు లేరు. మా అమ్మాయి కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. సాయంత్రం ఆరింటికి వచ్చి తలుపేసుకునేది. ఆర్నెల్ల కిందటి దాకా ఆ తలుపు వెనక చప్పుడే ఉండేది కాదు. చప్పుడు లేదంటే ఏమిటర్థం? కళ్లు తిరిగి పడిపోయి ఉండొచ్చు. అలమర మీద పడి ఉండొచ్చు. హెయిర్‌పిన్ను మింగేసి ఉండొచ్చు.

“ఇరవై నాలుగేళ్ల పిల్ల పిన్నెందుకు మింగుతుందే?” అంటారు మా ఆయన. ఆయనకేం తెలుసు, పిన్ను పళ్లతో పట్టుకుని జడ వేసుకున్న మనిషా?

ఇప్పుడా బెంగ లేదు. ఆ పాట సరిగ్గా నాలుగు నిమిషాలు. అయిపోతే మళ్లీ మొదలు. మోగుతున్నంతసేపూ పిల్ల క్షేమం. మధ్యలో ఓ రెండు సెకన్లు ఖాళీ వస్తుంది. ఆ రెండు సెకన్లూ నేను స్టవ్ తగ్గించి గోడ పట్టుకుని నిలబడతాను. అంతకుమించి కష్టమేం లేదు.

అయినా ఎంత మంచి పాటనుకున్నారు! సైకిల్ బెల్లు రెండుసార్లు మోగినట్టు మొదలవుతుంది. తర్వాత తొమ్మిది మంది అమ్మాయిలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటారు, మెట్లెక్కి వచ్చినవాళ్లలాగా. అర్థమేమిటే అని అడిగాను.

“వానలో స్టేషన్లో నిలబడి ఒకమ్మాయి ఎదురుచూస్తుంది.”

“గొడుగుందా?”

“లేదు. అదే పాట.”

నాలుగు నిమిషాలు, సాయంత్రానికి అరవైసార్లు. అంటే మా ఇంట్లోనే ఆ పిల్ల రోజుకి నాలుగు గంటలు తడుస్తోంది! ఊపిరితిత్తులేం కావాలి? కన్నతల్లి ఎక్కడుందో ఏమో. ఓ మాట పిలిచి చెప్పేవాళ్లే లేరా అనిపిస్తుంది.

ఆ పాట డిస్కులు మా అమ్మాయి మూడు కొంది. మూడూ ఒకటే పాట, అట్టలే వేరు. ఒకటి వినడానికి, ఒకటి దాచుకోవడానికి, మూడోది తనలాగే ఆ పాటంటే ప్రాణం పెట్టే మనిషెవరైనా దొరికితే ఇవ్వడానికట. ఆ మూడోదాని కవరు మొన్నటిదాకా విప్పలేదు. ముందుచూపున్న పిల్ల.

అభిమానులకి ఇంకో డ్యూటీ కూడా ఉంది. పాటలో ఫలానా చోట మూడు చప్పట్లు కొట్టాలి, ఫలానా చోట “హాయ్, హాయ్” అని కేకలు పెట్టాలి. అక్కడ హాల్లో వేలమంది పెడతారట. ఇక్కడ మా అమ్మాయి ఒక్కతే పెడుతుంది. మొదటి వారమంతా ప్రతి కేకకీ గరిటెతో సహా పరిగెత్తాను.

“అది కాల్. అలాగే అరవాలి. నువ్వెళ్లు,” అంది.

వెళ్లాను. వెళ్లి నేర్చుకున్నాను. ఏ కేక పాటదో, ఏ కేక ప్రాణం మీదికొచ్చిందో తల్లికి తెలియొద్దూ? రెండో నెలకి చపాతీలు ఒత్తుతూ మూడు చప్పట్లూ కర్రతోనే కొట్టేదాన్ని.

పిల్ల మాటామంతీ లేకుండా పోయిందని మాత్రం అనకండి. పక్క గదిలోంచి మెసేజ్ పెడుతుంది. “చార్జర్.” ఇంకోసారి, “తిన్నా.” పిలుపూ ఉండదు, పొడుగూ ఉండదు. నా కళ్లకి శ్రమ కలగకూడదని కాబోలు, కళ్లజోళ్ల షాపు కదా.

ఇక మొన్న ఆదివారం సంగతి. మా ఆయన క్షవరానికి వెళ్లారు. లోపల పాట మోగుతోంది. తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. చప్పట్ల చోటు వచ్చిందనుకుని నేనూ మూడు కొట్టాను. మళ్లీ మూడు. నేనూ మూడు. అప్పుడు, “అమ్మా!”

గదిలోపలి హ్యాండిల్ ఊడి పిల్ల చేతికొచ్చేసింది. బయటి హ్యాండిల్ బాగానే ఉంది, నేను తిప్పితే తలుపొచ్చేస్తుంది.

“అమ్మా, హ్యాండిల్ ఊడింది! అమ్మా, వింటున్నావా? అమ్మా!”

“హాయ్, హాయ్!” అన్నాను, పాటలో సరిగ్గా ఆ చోటికి.

పాట మొత్తం ఒకసారి తిరిగాక తలుపు తీశాను. మా అమ్మాయి చేతిలో హ్యాండిల్ పట్టుకుని నన్నే చూస్తోంది.

“నీకు కాల్స్ ఎప్పుడొచ్చాయమ్మా?”

“వంట చేస్తూ నేను వినడం లేదా ఏమిటి? పాటనుకున్నానే తల్లీ, పొరపాటైపోయింది.”

ఏమనుకుందో, అలమరలోంచి ఆ మూడో డిస్కు తీసింది. కవరు గోటితో చించి నా చేతిలో పెట్టింది. ఆ పూట వంటింటి గట్టు మీద కూర్చుని, తొమ్మిది మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఎవరంటే పడదో గంటన్నర చెప్పింది. గొడుగు గురించి కూడా. చివర్లో బండి వస్తుందట. ఆ చివర నేనెప్పుడూ సరిగ్గా వినలేదు, ఖాళీ వస్తుందని అప్పటికే గోడ పట్టుకుని ఉండేదాన్ని.

ఇప్పుడు మీకు నిజం చెబుతాను, మీలోనే ఉంచుకోండి. ఆర్నెల్లుగా రోజుకి అరవైసార్లు విన్న పాట. దాంట్లో “అమ్మా” అనే మాట ఎక్కడా లేదని నాకు తెలీదా? మొదటి పిలుపుకే నా చెయ్యి బయటి హ్యాండిల్ మీద ఉంది. లోపల కిటికీ ఉంది, నీళ్ల సీసా ఉంది, కాలిన వాసన లేదు. అన్నీ చూసుకునే ఆగాను. మొత్తం పదకొండుసార్లు పిలిచింది.

అప్పటినుంచి ఆ తలుపు వెయ్యడం లేదు. వేస్తే లోపలే ఉండిపోవాలిగా.

“కార్పెంటరు ఇంకా రాలేదా అమ్మా?” అని రోజూ అడుగుతుంది. పని ఒత్తిడి కాబోలు, కబురు పెడుతూనే ఉన్నానంటాను.

కార్పెంటరు సోమవారమే వచ్చాడు. బిగించకుండానే పంపేశాను. కొత్త హ్యాండిల్ నా కుట్టుమిషను డ్రాయర్లో, బాబిన్ల కింద ఉంది.