మల్లీశ్వరికి నాలుగు పేర్లు

మనిషికి ఒకే పేరు ఉండటమంటే ఎంత దరిద్రం! అనంతపురం జిల్లాలో వానలకు కరువేమో గానీ, పేర్లకు మాత్రం లేదు. నమ్మకం లేకపోతే ఇక్కడి ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్లి రండి. ఫీజు కట్టిన ప్రతి విద్యార్థికీ సెక్షనుకో పేరు ఉచితం!

మడకశిర దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి వచ్చిన మల్లీశ్వరినే చూడండి. ఎమ్మెస్సీ పాసైంది. అడ్మిషన్లలో ఆమె మల్లీశ్వరి. పరీక్షల విభాగంలో మల్లేశ్వరి. స్కాలర్‌షిప్పుల దగ్గర మల్లికేశ్వరి. హాస్టల్ కంప్యూటర్లో మల్లేశ్వర్, పురుషుడు! ఆ పురుషుడు రెండేళ్లు ఆడపిల్లల హాస్టల్లోనే ఉన్నా ఎవరూ కిమ్మనలేదంటే, అబ్బ, ఎంత విశాల హృదయం!

ఇంత సంపదకు కాపలా అక్కర్లేదా? అందుకే యూనివర్సిటీ ‘డేటా స్టీవార్డ్’ కార్యక్రమం మొదలుపెట్టింది. అంటే, వివరాలకో సంరక్షకుడన్నమాట. డిప్యూటీ రిజిస్ట్రార్ దివాకర్ గారి అధ్యక్షతన కమిటీ వేశారు. మొదటి సమావేశంలో డేటా ఎవరిదని వాదించుకుని, అందరిదీ అని తేల్చారు. రెండో సమావేశంలో ‘పేరు’ అంటే ఏమిటో నిర్వచించడానికి సబ్‌కమిటీ వేశారు. మూడోదాంట్లో బజ్జీలు బాగున్నాయి. చివరికి పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటు వనజాక్షిని స్టీవార్డ్‌గా నియమించారు. జీతం మారలేదు, మెడలో ట్యాగు మారింది.

వనజాక్షికి ఆ ట్యాగు చూసుకుంటే ముచ్చటేసింది. బుధవారం మల్లీశ్వరి వచ్చి టేబుల్ ముందు నిలబడేదాకా.

“బెంగళూరులో ల్యాబ్ ఉద్యోగం వచ్చిండాది మేడం. శుక్రవారం లోపల సర్టిఫికెట్ చూపించకపోతే ఇంకొకరికి ఇస్తారంట. పేర్లు కలవలేదని సర్టిఫికెట్ ఆపినారు. యాడికి పోయినా తప్పు మాది కాదు, ఆడికి పో అంటాండారు.”

వనజాక్షి మిగతా మూడు సెక్షన్లనూ కదిపింది. “మాది కరెక్టే, వాళ్లను మార్చుకోమనండి” అన్నారందరూ. ఇంత ఐకమత్యం ఇంకెక్కడైనా ఉంటుందా? వనజాక్షి తన కంప్యూటర్ తెరిచి చూసింది. ‘మల్లేశ్వరి’ అని టైపు చేసింది తనే! ఆ పిల్ల కళ్లల్లోకి చూడటానికి సిగ్గేసింది.

మధ్యాహ్నం ఆ సెక్షన్ల వాళ్లందరినీ తన గదికి పిలిపించి, మల్లీశ్వరిని ఎదురుగా నిలబెట్టింది.

“ఇదోప్పా, మీ డేటా! దీనికి నోరుండాది. పేరేందో అడగండి.”

ఆ పిల్లే పదో తరగతి మెమో తీసి బల్ల మీద పెట్టింది. వనజాక్షి ముందు తన తప్పు దిద్దుకుంది. అరగంటలో మిగతావాళ్లూ దిద్దారు. ఇకమీదట పేరు రాసేది ఒకే సెక్షను, మిగతావాళ్లు చూసి తీసుకోవాలి, తేడా వస్తే వనజాక్షికి చెప్పాలి. కార్యక్రమమంటే అంతే! గురువారం సాయంత్రం మల్లీశ్వరి సర్టిఫికెట్‌తో బెంగళూరు బస్సెక్కింది. పోతూ పోతూ కిటికీలోంచి వనజాక్షికి చెయ్యి ఊపింది కూడా.

అలా మన వైభవమంతా ఒక్క పూటలో మట్టిలో కలిసిపోయింది!

వారం తర్వాత దివాకర్ గారే స్వయంగా వచ్చి, తలుపు దగ్గరగా వేశారు.

“వనజాక్షమ్మా, నాకు పుట్టిన తేదీలు రెండుండాయి. రెండోదాని ప్రకారం ఇంకా రెండేండ్లు సర్వీసు. దాని జోలికి మాత్రం పోవద్దు తల్లీ.”

చూశారా? పిల్లల రికార్డుల్లో తప్పులకు దిక్కు లేదు గానీ, పెద్దల తప్పులకు ఎంత చక్కని సంరక్షకులున్నారో!

వనజాక్షి కుర్చీ చూపించింది.

“కూర్చోండి సార్. ఇంతకీ మీరు నిజంగా పుట్టినదెప్పుడు?”