కాశీలో వదలని తీపి

నా భార్య సౌభాగ్యను మా కాలనీ మర్యాద చంపింది. డాక్టరు సర్టిఫికెట్టులో వేరే కారణం రాశాడు. ఆయన ఈ ఊరికి కొత్త.

కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా శ్రీకాకుళం వాళ్ళు తాతల నాటి నుంచి ఉన్నారు. మన ఆచారం ఒక్కటీ వదలలేదు. ఇక్కడివాళ్ళది ఒక్కటీ కాదనలేదు. అందువల్ల మంచి వార్త వస్తే మేము రెండుసార్లు తీపి తినాలి. మన పద్ధతిలో సున్నుండ, వీళ్ళ పద్ధతిలో నోరు తీపి చేసుకోమని ‘ముహ్ మీఠా’ అంటూ పేడా. ప్రమోషను వస్తే మిఠాయి. బదిలీ అయితే మిఠాయి. బదిలీ రద్దయితే తెలిపారా బజారు నుంచి ఇంకా మంచి మిఠాయి. వద్దన్నవాడు ఆ ఇంటి మేలు ఓర్వలేనివాడు. ఇది ఎక్కడా రాసి లేదు, కనుక దీనికి సవరణ కూడా లేదు.

సౌభాగ్య కాలి వేలికి పుండు పడింది. మానలేదు. రైల్వే ఆస్పత్రిలో డాక్టరు పరీక్షలు చేయించి, తీపి కావాలో కాలు కావాలో తేల్చుకోమన్నాడు. కాకరకాయ బాగా తినమన్నాడు. రిక్షా ఇంటికి చేరేలోపల ఆమె తేల్చుకుంది. పంచదార డబ్బా కడిగి అందులో ఉప్పు పోసింది. మొదట్లో పక్కింట్లో పాకం వాసన వస్తే లేచి కిటికీ మూసేది. చప్పటి టీ నోట్లో పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకునేది. కొన్నాళ్ళకి పాకం వాసన వచ్చినా కిటికీ జోలికి పోలేదు. పుండు ఎండడం మొదలైంది. ఆ విధంగా ఆమె అందరి దృష్టిలోనూ తప్పు చేసింది.

మా పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ కూతురికి సంబంధం కుదిరింది. పళ్ళెం నిండా హల్వా తెచ్చింది. సౌభాగ్య చేతులు జోడించి డాక్టరు మాట చెప్పింది.

“నా కూతురికి సమ్మందం కుదిరితే నీకు సుగరొచ్చినాదేటి వదినా?” అంది అప్పలనర్సమ్మ.

పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ పలకలేదు. ఆమె పలకలేదు కనుక ఆ వరస క్వార్టర్లలో ఎవరూ పలకలేదు. సౌభాగ్య కుళాయి దగ్గరికి వెళితే బిందెలు పక్కకి జరిగేవి.

విషయం తెలుగు సంఘం దాకా వెళ్ళింది. అధ్యక్షుడు ఆదినారాయణ రిటైరైన గార్డు. జీవితమంతా పచ్చజెండా ఊపినవాడు. తాను ఊపందే ఏదీ కదలకూడదని ఆయన నమ్మకం. కార్యవర్గాన్ని పిలిపించి, ఇరుపక్షాలనూ విని, వేడి జిలేబీ తిని, తీర్పు చెప్పాడు.

“డాక్టరు మానమంటే మానడం బలహీనత. కాశీలో గంగకి వదిలితే అది వ్రతం. వ్రతాన్ని గౌరవించడం మన జాతి లక్షణం. కావున సౌభాగ్యమ్మ గారు కాశీ వెళ్ళి తీపిని శాస్త్రోక్తంగా వదలవలసిందనిన్నీ, అటుపై ఆమెను ఎవరూ బలవంతం చేయరాదనిన్నీ తీర్మానించడమైనది.”

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సౌభాగ్య సంతోషించింది. భక్తితో కాదు. తిరిగొచ్చాక కుళాయి దగ్గర అందరితో కలిసి నిలబడవచ్చని. నేను రైల్వే పాసుకి అర్జీ పెట్టాను.

పాసు వచ్చేలోపల పెద్దలకి ఒక సూక్ష్మం తట్టింది. ఇంకా వదల్లేదు కదా. వదలనిదాన్ని తినకపోవడం ఏ శాస్త్రంలోనూ లేదు. పైగా రైల్వేలో సెండాఫ్ లేకుండా ఎవరినీ పంపరు. పనిచేయనివాడికి కూడా దండ వేసి పంపుతారు. ఇన్నేళ్ళు సేవ చేసిన తీపిని ఊరికే ఎలా పంపుతారు? ఇంటింటా పిలిచారు. ఒక్క ముక్కే అన్నారు. ప్రతి ఇంట్లోనూ ఒక్క ముక్కే పెట్టారు. మాట ఎవరూ తప్పలేదు. కాలనీ మాత్రం పెద్దది. అప్పలనర్సమ్మ అందరికంటే ముందు పిలిచి, హల్వా పెట్టి, వదినా అని కౌగిలించుకుని ఏడ్చింది. ఆ పూట సౌభాగ్య పాట పాడుకుంటూ ఇంటికి వచ్చింది. పుండు మళ్ళీ తడిసింది.

ప్రయాణం రోజున సంఘం హాల్లో సభ. తీపిని జయించిన తొలి తెలుగు మహిళ అని ఆదినారాయణ ఆమెను కొనియాడి, ఆ సందర్భాన్ని పురస్కరించుకుని లడ్డూలు పంచాడు. దండ వేయించుకున్న మనిషి తినకపోతే ఫొటో బాగుండదన్నారు.

కాశీకి ఆదినారాయణ కూడా వచ్చాడు. పెద్దమనిషి సాక్ష్యం లేకుండా వ్రతం చెల్లదట. గంగలో మోకాళ్ళ లోతున నిలబడ్డాక, ఏ కాయ, ఏ పండు, ఏ ఆకు వదులుతారని అక్కడి తీర్థపురోహితుడు పండా అడిగాడు. తీపి అన్నాము. ఆయన నవ్వాడు. తీపి వదిలితే విశ్వనాథుడి ప్రసాదం ఎలా తింటారు, మహాపాపం అన్నాడు. ఆదినారాయణకి దిగులు పట్టుకుంది. ఏదీ వదలకుండా తిరిగి వెళితే సంఘం పరువు పోతుంది. మనవాళ్ళు కాశీలో ఎలాగూ తమకి నచ్చని కాయనే వదిలి వస్తారు. ఆయన స్వయంగా పొట్లకాయ వదిలినవాడు.

“కాకరకాయ వదిలీ తల్లీ. సేదుగుంటాది. వదిలీసినా బెంగుండదు,” అన్నాడు.

డాక్టరు అదే తినమన్నాడని నేను అన్నాను. గంగలో నిలబడి డాక్టరు పేరు ఎత్తకూడదని ఆయన మందలించాడు. ఈలోగా పండా మంత్రం పూర్తి చేశాడు.

తిరిగి వచ్చాక కాలనీ ఆ వ్రతాన్ని తు.చ. తప్పకుండా కాపాడింది. మా గుమ్మంలో కాకరకాయ తూచవద్దని కూరగాయల బండివాడికి చెప్పారు. నేను తఖత్‌పూర్ సంత నుంచి సంచిలో దాచి తెస్తే, అప్పలనర్సమ్మ కనిపెట్టి, వ్రతభంగం కానివ్వనని ఆవుకి వేసింది. ఆవు కూడా తినలేదు. మా మేలు మీద ఆమెకి అంత శ్రద్ధ. తీపి సంగతి వేరు. కాశీలో వదిలావా అని అడిగేవారు. సౌభాగ్యకి అబద్ధం రాదు. లేదనేది. అయితే తిను అనేవారు.

వేలు తీసేశారు. తరవాత పాదం తీసేశారు. ఆస్పత్రికి చూడవచ్చిన వాళ్ళెవరూ ఖాళీ చేతులతో రాలేదు. మంచం పక్క బల్ల మీద మిఠాయి డబ్బాలకి చోటు చాలక మందుసీసాలు నేల మీద పెట్టారు. నేను వద్దంటే, మగవాళ్ళకి ఆడవాళ్ళ నోటి రుచి ఏం తెలుసన్నారు.

చివరికి అప్పలనర్సమ్మ వచ్చి బొబ్బట్టు తుంచి నోటికి అందించింది. సౌభాగ్య తల తిప్పుకోలేదు. నమిలి మింగి, అప్పుడు అంది.

“నాకు తీపి మీద ఆశ ఎప్పుడో సచ్చిపోనాది వదినా. తినకపోతే నువ్వు మాటాడవని తిన్నాను. అందరి ఇళ్ళల్లోనూ అందుకే తిన్నాను.”

అప్పలనర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. వరండాలోకి వచ్చి, పాపం జ్వరంలో ఏదేదో అంటోందని అందరికీ చెప్పింది. తెల్లవారేసరికి సౌభాగ్య పోయింది.

పెద్దకర్మ భోజనంలో పోయినవాళ్ళకి ఇష్టమైనది వండాలి. దీనిపై సంఘం చర్చించింది. ఆమె తమ ఇంట్లో ఏది ఇష్టంగా తిన్నదో ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెప్పారు. ఏకాభిప్రాయం కుదరక అన్నీ వండించారు. ఆదినారాయణ విస్తరి ముందు నిలబడి మాట్లాడాడు.

“ఏ ఇంటి ముద్దా కాదనని మహా ఇల్లాలు. మనందరి ప్రేమనీ కడుపులో పెట్టుకుని పోయింది.”

అందరూ అలవాటుగా చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగారు. బూరెల్లో నెయ్యి తగ్గిందని కొందరు బాధపడ్డారు.

నా విస్తట్లోనూ వడ్డించారు. నేను లేచి వచ్చేశాను. పెళ్ళాం పోయి మనిషికి మతి చలించిందన్నారు. అప్పటి నుంచి నాతో ఎవరూ పలకరు. నా ఆరోగ్యం బాగుంది.

ఇది చదివి మీరు జాలిపడతారు. మీలో ఒకరిద్దరు పరామర్శకు వస్తారు కూడా. మర్యాద తెలిసినవాళ్ళు కనుక ఏదో ఒకటి పట్టుకొస్తారు. గుమ్మం బయటే పెట్టి వెళ్ళండి. సౌభాగ్య ఎలా పోయిందని నన్ను అడగకండి. ఈ మాట నేను మళ్ళీ ఎవరితోనూ ఎత్తను.