తాయారమ్మ ఇంటిమీద పడ్డ కాపలా

ఒక పెద్ద అడవిలో, వైశాఖ శుద్ధ ఏకాదశి, గురువారం, ఉదయం ఎనిమిది గంటలకి, ముళ్ళపంది తాయారమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి ఒక కాపలాకుక్క మొరిగింది. ఎనిమిదని ఎలా తెలుసంటే, వడ్రంగిపిట్ట రోజూ సరిగ్గా ఆ వేళకే పని మొదలుపెడుతుంది. ఆ రోజు మొదలుపెట్టి, మొరుగుడు విని ఆపేసింది.

కాపలాకుక్క మొరగడంలో వింత లేదు. ఇంటివాళ్ళని చూసి మొరగడమే వింత.

తాయారమ్మ అప్పుడు నిండుచూలాలు. ఏకాదశికి ఉపవాసం ఉంటానంటే భర్త కోదండం ఒప్పుకోలేదు. "కడుపులో పిల్లల్ని మాడ్చమని ఏ దేవుడు అడిగాడే?" అన్నాడు. సరేనని ఒక మారేడుపండు పెట్టుకుని కొరుకుతూ కూర్చుంది.

"ఎవరు నాయనా?" అంది గుమ్మంలోకి వచ్చి.

"కాపలా! ఆయుధాలు కింద పెట్టు!"

"ఏ ఆయుధాలు?"

"వీపుమీద ఉన్నవి."

"అవి ఊడవు నాయనా. పుట్టుకతో వచ్చాయి."

"దొరికినవాళ్ళందరూ ఇదే మాట చెప్తారు!" అని ఆ కుక్క మరింత గట్టిగా మొరిగింది. దాని పేరు ఉగ్రప్ప. ఉద్యోగంలో కొత్తగా చేరింది.

అసలు ఆ అడవిలో తాయారమ్మ ఇల్లంటే అందరికీ గౌరవం. ఎండాకాలంలో ఆకు రాలి, వాగు సన్నబడ్డాక అడవికి దిక్కు మారేడుపళ్ళే. ఆ పండు లోపల ఎంత తియ్యగా ఉన్నా పైన పెంకు రాయిలాగ ఉంటుంది. కోతి పంటికి లొంగదు, జింక నోటికి పట్టదు. ముళ్ళపందులు కూర్చుని కొరికి పగలగొట్టి పెడితే తక్కినవాళ్ళు గుజ్జు తినేవాళ్ళు. తాయారమ్మ అమ్మమ్మ ఈ పనే చేసింది, అత్తగారు ఈ పనే చేసింది. ఎవరూ దాన్ని పెద్ద పని అనుకోలేదు, వాళ్ళతో సహా.

మరి అలాంటి ఇంటిమీద కుక్క ఎందుకు మొరిగిందంటే, అది చెప్పాలి.

అడవికి కాపలా కాసేది అడవికుక్కలు. వాళ్ళకి వెనకటినుంచీ గడపనడక అని ఒక ఆచారం ఉండేది. కుక్కపిల్లకి ఉద్యోగం ఇచ్చేముందు ఒక ముసలికుక్క దాన్ని వెంటబెట్టుకుని అడవిలో ప్రతి గడపకీ తిప్పేది. ఇంటివాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చునేవాళ్ళు. పిల్ల వాళ్ళ వాసన చూసేది. వాళ్ళు దాని నోట్లో ఏదో ఇంత పెట్టేవాళ్ళు. ఏ ఇంటివాళ్ళమీదైనా గుర్రుమందా, "నువ్వు ఇంటిపట్టున ఉండి అమ్మకి సాయం చెయ్యి నాన్నా" అని నొప్పించకుండా వెనక్కి పంపేవాళ్ళు. చాలామంది అలా వెనక్కే వచ్చేవాళ్ళు. ఏ కొద్దిమందో మిగిలితే వాళ్ళకే కాపలా.

ఆ ఏడు మాఘమాసంలో దుమ్ములగొండ్లు వచ్చిపడ్డాయి. మెడనుంచి వీపుదాకా జూలు నిక్కబొడుచుకుని, ఎముకలు పటపటా కొరుకుతూ వచ్చాయి. కుక్కలు ప్రాణాలకి తెగించి వాటిని తరిమాయి. దేవుడి దయవల్ల అడవి బతికింది.

మర్నాడు సభ పెట్టారు. అధ్యక్షుడు ఏనుగు పెద్దాయన కాపలా దళపతి వీరభద్రానికి పూలదండ వేశాడు. వీరభద్రం మంచివాడే. కానీ మెడలో దండ పడేసరికి ఏదో ఒకటి మాట్లాడాలని అనిపించింది.

"అయ్యా, మనకి కుక్కలు చాలడం లేదు. ఎందుకు చాలడం లేదు? మొరిగేవాణ్ణి ఇంటికి పంపి, మొరగనివాణ్ణి కాపలాకి పెట్టుకుంటున్నాం. ఇదేం ఆచారం? ఇకమీదట గడపనడక వద్దు. గొంతు చూసి ఉద్యోగం ఇద్దాం!"

చప్పట్లు మారుమోగాయి. ఆచారంమీద ఎవరికీ కోపం లేదు. కాకపోతే వచ్చిన ప్రతి కుక్కపిల్లకీ నోట్లో పెట్టే పని తప్పుతుందని అందరికీ లోపల్లోపల సంతోషం. అందరికంటే గట్టిగా కొట్టింది తాయారమ్మే. ఆ ఇంటి గుజ్జంటే కుక్కపిల్లలకి ప్రాణం. తినేసి రెండోసారి కూడా వచ్చేవి.

అలా చేరినవాడు ఉగ్రప్ప. పాలు తాగేటప్పుడు కన్నతల్లిని చూసి కూడా గుర్రుమనేవాడని పేరు. అలాంటివాళ్ళే ఇంకో మంద చేరారు.

చైత్రంలో ఇప్పపూలు రాలాయి. ఏటా రాలేవే. "ముట్టడి! పైనుంచి దిగుతున్నారు!" అని కొత్త దళం చెట్లచుట్టూ పరుగులు పెట్టింది. ఆ పరుగులకి దుమ్ము లేచి అడవంతా కళ్ళు నలుపుకుంటూ తుమ్మింది. పూలు ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. తుమ్మించింది కాపలా.

"ఈ నెలలో చాలామంది శత్రువులు పట్టుబడ్డారయ్యా" అని వీరభద్రం సభలో చెప్పాడు.

"ఇంతమంది ఉన్నారా!" అని ఏనుగు పెద్దాయన గుండెమీద తొండం వేసుకున్నాడు. "ఎంత మంచిపని చేశాం, దళం పెంచి!"

పూలయ్యాక ఉగ్రప్ప చూపు ముళ్ళపందుల ఇంటిమీద పడింది.

ఉగ్రప్ప మొరుగుడు విని ఆ ఏకాదశి పూట వీరభద్రం తాయారమ్మ గుమ్మంలోకి వచ్చాడు. ఆవిణ్ణి చూడగానే తోక దానంతటదే ఊగింది. ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"ఏం తమ్ముడూ, మీవాడు చూడు" అంది తాయారమ్మ. "నువ్వు చిన్నప్పుడు మా అమ్మ చేతిలో గుజ్జు తిన్నవాడివి. నేనెవరో చెప్పు వీడికి."

"నాకు తెలుసక్కా. కానీ డ్యూటీలో ఉన్నప్పుడు తెలియకూడదు." ఉగ్రప్ప వైపు తిరిగాడు. "ఏమిటి నేరం?"

"దుమ్ములగొండికి వీపుమీద నిక్కబొడుచుకుంటుంది. ఈవిడకీ నిక్కబొడుచుకుంటుంది. దుమ్ములగొండి ఎముకలు కొరుకుతుంది. ఈవిడ ఇంట్లో చూడండి, ఎముక!"

ఎముక ఉన్నమాట నిజమే. కడుపుతో ఉన్న ముళ్ళపందికి బలం కోసం పాత ఎముక కాస్త గీరుకోవడం అలవాటు. కోదండమే ఎక్కడో వెతికి తెచ్చాడు.

"అది జింక కొమ్మయ్యా, దానంతటదే రాలినది!" అన్నాడు కోదండం, భార్య వెనకనుంచి.

"వెనక దాక్కున్నవాడెవడు? రెండో దుమ్ములగొండి!" అన్నాడు ఉగ్రప్ప.

వీరభద్రానికి లోపల పీకుతూనే ఉంది. కానీ ఉగ్రప్పది తప్పంటే, ఉగ్రప్పని పెట్టినవాడిది తప్పవుతుంది. "కొన్ని రోజులు వాగు అవతల ఉండక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "విచారణ అయ్యాక నేనే పిలుస్తాను."

విచారణ ఎవరు చేస్తారని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. వాళ్ళు గడప దాటేలోపే కొత్త దళం ఆ ఇంటిని తవ్విపోసింది, శత్రువులు ఇంకా లోపల ఉన్నారేమోనని. తాయారమ్మ వాగు అవతల, బండల సందున, ఎండలో ఇద్దరు పిల్లల్ని కంది. పిల్లలు పుట్టినప్పుడు ముళ్ళు మెత్తగా, తడి గడ్డిలాగ ఉంటాయి. ఆ మెత్తదనం చూసి ఆవిడకి మొదటిసారి భయం వేసింది. అడవిలోకి రానిస్తారా, వీళ్ళనైనా మనవాళ్ళంటారా అని.

ఇవతల అడవిలో మారేడుపళ్ళు పండి రాలుతున్నాయి. ప్రతి చెట్టుకిందా కుప్పలే. వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. తినడానికి మాత్రం ఒక్కరికి ముక్క లేదు, పగలగొట్టేవాళ్ళు లేరు గనక. పళ్ళమధ్యలో నిలబడి జింకపిల్లలు కాళ్ళు వణికి కూలబడుతున్నాయి. అధ్యక్షుడు తనే పూనుకుని ఒక పండుమీద కాలు వేశాడు. పండు పగిలింది గానీ మట్టిలో కలిసిపోయింది. పెద్దాయన కాలికి కాస్త జిగురు మిగిలింది.

"శత్రువు పళ్ళలో దూరాడు!" అని ఉగ్రప్ప కుప్పలచుట్టూ మొరిగాడు.

చివరికి వైద్యం చేసే ఎలుగుబంటిని పిలిపించారు. ఆయన జింకపిల్ల నాలుక చూశాడు, పళ్ళకుప్ప చూశాడు, ఉగ్రప్పని కాసేపు చూశాడు.

"ఇది బయటినుంచి వచ్చిన జబ్బు కాదయ్యా" అన్నాడు. "ప్రతి ఒంట్లోనూ ఒక కాపలా ఉంటుంది. క్రిములొస్తే అదే తరుముతుంది. ఒక్కోసారి దానికి సొంతవాళ్ళు ఎవరో, పరాయివాళ్ళు ఎవరో తెలియకుండా పోతుంది. అప్పుడు అది సొంత కీళ్ళమీద పడుతుంది, లేకపోతే తిన్న తీపిని ఒంటికి అందించే చోటుమీద పడుతుంది. మా అత్తగారి మోకాళ్ళు అలాగే వాచిపోయాయి. ఎన్ని పసర్లు పూశాం! కొట్టేది లోపలివాడైతే పైన పూసి ఏం లాభం?"

"మరి మందు?" అని అడిగాడు ఏనుగు పెద్దాయన.

"కాపలాని కొంచెం చల్లబరచాలి. కుక్కల కూటిలో ఒక మత్తు ఆకు కలపండి."

"ఎంత కలపాలి?"

"మొరగాలి, మనవాళ్ళని కరవకూడదు. అంత."

"అదెంత?"

"ఇచ్చి చూడాలి" అన్నాడు ఎలుగుబంటి. ఆ మాట చెప్పేటప్పుడు వైద్యులందరూ చూసినట్టే పైకి చూశాడు.

కూటికుండ ఒక్కటే. ఉగ్రప్పకీ అందులోదే, గడపనడక చేసివచ్చిన పాత కుక్కలకీ అందులోదే. అడవంతా ప్రశాంతంగా నిద్రపోయింది. "ఎంత హాయిగా ఉంది!" అనుకున్నారు అందరూ. ఆకలి మాత్రం అలాగే ఉంది.

మూడోపూట, మిట్టమధ్యాహ్నం, ఒక ముసలి దుమ్ములగొండి వచ్చింది. పళ్ళు సగం ఊడినది, మందలో ఎవరూ లెక్కచెయ్యనిది. పరుగెత్తి కూడా రాలేదు, నడుచుకుంటూ వచ్చింది. సరిహద్దులో ఉగ్రప్ప సగం కళ్ళు తెరిచాడు.

"ఎవరది?"

"దుమ్ములగొండిని బాబూ."

"ముళ్ళపందివి కాదు కదా?"

"అబ్బే."

"అయితే వెళ్ళు. అటు ముళ్ళుంటాయి, ఇటునుంచి వెళ్ళు."

దుమ్ములగొండి ఇటునుంచే వెళ్ళింది. నేరుగా వీరభద్రం గుహలోకి వెళ్ళి, ఆయన దాచుకున్న మాంసం తిని, ఆయన పడకమీద పడుకుని గుర్రు పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చిన దళపతి కేక అడవంతా విన్నది. ఆ కేకతో పాత కుక్కలకి మత్తు దిగింది. నలుగురూ లేచి ముసలిదాన్ని సరిహద్దు దాటించారు. అది వెళుతూ, "పడక మెత్తగా ఉందయ్యా" అని మెచ్చుకుంది కూడా.

ఆ రాత్రి వీరభద్రం నిద్రపోలేదు. తెల్లవారి సభలో లేచి నిలబడ్డాడు. ఈసారి మెడలో దండ లేదు గనక మాటలు తక్కువగా వచ్చాయి.

"తప్పు గొంతుది కాదు. ఎవరిమీద మొరుగుతున్నాడో మనం చూడలేదు. మత్తు ఆకు ఆపేసి, గడపనడక మళ్ళీ పెడదాం. ఉగ్రప్ప దళమంతా చెయ్యాలి. గుర్రుమన్నవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోవాలి."

"మొదటి గడప?" అన్నాడు అధ్యక్షుడు.

"తాయారమ్మక్కది."

ఏనుగు పెద్దాయన స్వయంగా వాగు దాటి వెళ్ళాడు. "అమ్మా, సభ నిన్ను క్షమించింది. వచ్చెయ్యి" అన్నాడు.

"నేనేం చేశాను పెద్దయ్యా?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే అందరూ ఒప్పుకున్నారు."

తాయారమ్మకి నవ్వు రాలేదు. పిల్లలవైపు చూసింది. జింకపిల్లలు గుర్తొచ్చాయి. "పదండి" అంది. కోదండం మాత్రం దారిపొడుగునా, "క్షమించారట, విన్నావా, క్షమించారట" అని గొణుగుతూనే ఉన్నాడు.

పాత ఇల్లు ఇల్లుగా లేదు, గుంటగా ఉంది. ఒక మూల మాత్రం నిలిచింది. అక్కడ పిల్లల్ని పెట్టుకుని ఆవిడ కూర్చుంది. ఎదురుగా పండు ఉన్నా కొరకలేదు. అడవంతా దూరంనుంచి చూస్తోంది.

వీరభద్రం ఉగ్రప్పని తీసుకొచ్చాడు. ఉగ్రప్ప తల వంచి తాయారమ్మ వాసన చూశాడు, కోదండం వాసన చూశాడు. తర్వాత పిల్లలమీదికి వంగాడు. వాడి గొంతులో ఏదో కదిలింది. పిల్లల మెత్తటి ముళ్ళు సన్నగా లేచాయి. తాయారమ్మ మనసులో స్వామిని తలుచుకుని, కదలకుండా కూర్చుంది. వాడు చాలాసేపు వాసన చూశాడు. గొంతులోది గొంతులోనే ఆగింది.

"మనవాళ్ళేనా?" అని అడిగాడు వీరభద్రం.

ఉగ్రప్ప తల ఎత్తాడు. "మనవాళ్ళే... అనుకుంటాను" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. తాయారమ్మ ఈసారి కొట్టలేదు. ఒక పండు దగ్గరికి లాక్కుని కొరికింది. జింకపిల్లలు ముందు తిన్నాయి. చీకటిపడేలోపు కనీసం ఒక్క ముక్కైనా తినని నోరు అడవిలో లేదు.

మర్నాడు పొద్దున్నే తాయారమ్మ ఇంట్లోవాళ్ళంతా లేచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, పళ్ళ పనికి వెళ్ళకముందే, నలుగురూ కలిసి ఇంటికి వెనకవైపు ఇంకో దారి తవ్వారు.

ఇందులో నీతి ఏమిటంటే, కాపలా ఎంత గట్టిగా ఉంటే ఇంటికి దొడ్డిదారి అంత అవసరం.