మెయిన్ ఆపినా కొట్టిన గీజరు

కొత్త అల్లుడు నజీర్ ఆ పొద్దున పెళ్లాన్ని వెంటబెట్టుకుని కొత్తపట్నం నుంచి వస్తాడు. రాగానే వేణ్ణీళ్ల స్నానం, ఆ తర్వాత వేడివేడి దోసెలు. హయాత్ వేసుకున్న ప్లాను అంతే. హయాత్ ఊళ్లో అందరివీ బోరు నీళ్ల స్నానాలే. వేణ్ణీళ్లు బాలింతలకూ అల్లుళ్లకూ మాత్రమే. అందుకని హయాత్ స్నానాల గదిలో కొత్త గీజరు బిగించాడు. "మా ఇంట్లో కట్టెలూ కాగులూ ఉండవు అల్లుడుగారూ, ట్యాపు తిప్పితే పొగలే!" అని ఫోన్లో, ఫోను లేకపోయినా కొత్తపట్నానికి వినపడేంత గట్టిగా చెప్పాడు.

వాకిట్లో పట్టా మీద మిరపకాయలు పోసుకుని, చీకటితోనే రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న అతని భార్య సైదాబీ, గీజరు ఒకసారి చూద్దామని లేచింది. ట్యాపు కింద చెయ్యి పెట్టింది. ఆమె వేసిన కేకకు పక్కింటి గేదె పలుపు తెంపుకుని పంచాయతీ ఆఫీసు దాకా పరుగెత్తింది.

"కరెంటయ్యో! చెయ్యంతా లాగేస్తోంది!"

మిరప బస్తా మూతి కుడుతున్న హయాత్ పరుగున వచ్చి తనూ చెయ్యి పెట్టాడు. వేళ్ల నుంచి మోచేతి దాకా భగ్గుమంది.

"కొడుతోందా?" అంది సైదాబీ.

"కొట్టడం కాదే, కరుస్తోంది!"

హయాత్‌కు అల్లుడు గుర్తొచ్చాడు. కూతురు హీనాకు పెళ్లై నెల తిరగలేదు. అల్లుణ్ణి ఆ గదిలోకి పంపితే దాని బతుకేం కాను? పంపకపోతే ఫోన్లో కోసిన కోతలేం కాను?

ఎదురింటి చలమయ్యను పిలిచారు. అతను పొలాల్లో మోటార్లు బాగుచేస్తాడు. జేబులో టెస్టరు లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు. తన కల్లంలో మిరపకాయలు ఎగదోస్తున్నవాడు అలాగే వచ్చి టెస్టరు ట్యాపుకు ఆనించాడు. లైటు వెలగలేదు.

"అయితే కరెంటు లేనట్టేగా?" అన్నాడు హయాత్ ఆశగా.

"ఒరేయ్, వెలగలేదంటే లేదని కాదురా. దాక్కుందని."

చలమయ్య చెయ్యి పెట్టి చూశాడు. పెట్టినంత వేగంగా తీశాడు. ఇంటి మెయిన్ ఆపించాడు. మళ్లీ పెట్టి చూస్తే మంట ఇంకా పెరిగింది.

"ఏందిరా ఇది?"

"ఆపినందుకు దానికి కోపం వచ్చినట్టుంది," అన్నాడు చలమయ్య, గొంతు తగ్గించి. "ఇది మీ ఇంటి కరెంటు కాదురా హయాతూ. వీధి లైన్లోంచి దిగి, నేలలోంచి వస్తోంది."

లైన్‌మన్‌కు ఫోన్ చేసి వీధి మొత్తానికి కరెంటు తీయించాడు. ఫ్యాన్లు ఆగిపోయేసరికి జనం బయటికొచ్చారు. సంగతి విని, మిరప కుప్పల దగ్గర్నుంచి లేచినవాళ్లు లేచినట్టే వచ్చారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లడం, ట్యాపు కింద చెయ్యి పెట్టడం, "ఓరి నాయనో" అంటూ వెనక్కి గెంతడం. ముసలి ఖాదర్‌బీ ఒక్క వేలు తడిపి చూసి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"కరెంటు లేని వీధిలో కరెంటు కొడుతోందంటే ఇది కరెంటు కాదురా అబ్బాయిలూ. ఇంకేదో."

ఆ 'ఇంకేదో' విన్నాక ఇంట్లో ఎవరూ నిలబడలేదు. అందరూ వీధిలోకి వచ్చిపడ్డారు. ఊరి ట్యాంకు నీళ్లు ముట్టుకోవద్దని మైకులో చెబుదామంటే కరెంటు లేదు.

"అల్లుణ్ణి రేపు రమ్మంటా," అని హయాత్ ఫోన్ చేశాడు. అల్లుడి ఫోను మోగింది. హయాత్ ఇంట్లోనే మోగింది.

లోపలి నుంచి హీనా వచ్చింది. "ఏంటి నాన్నా, అందరూ వీధిలో ఉన్నారు? మేం వెనక సందులోంచి వచ్చేశాంగా."

"అల్లుడేడమ్మా?"

"స్నానానికెళ్లారు. దారంతా గీజరు, గీజరు అని ఒకటే గోల."

అందరూ లోపలికి ఉరికారు. హయాత్ స్నానాల గది తలుపు మీద పడి బాదాడు. "అల్లుడుగారూ! అల్లుడుగారూ!" జవాబు లేదు. చలమయ్య ఎండుకర్ర ఒకటి పట్టుకొచ్చి, "ఎవరూ ఆయన్ని ముట్టుకోమాకండి, కర్రతోనే లాగాలి!" అని అరిచాడు. హీనా ఏడుపందుకుంది. హయాత్ కళ్ల ముందు గీజరు తప్ప ఏమీ లేదు. తలుపు పగలగొడదామని అడుగు వెనక్కి వేశాడు.

గడియ తీసిన చప్పుడైంది. పొగల మధ్య నుంచి నజీర్, లుంగీతో, నిగనిగలాడుతూ వచ్చాడు.

"ఏంటి మామయ్యా అంత కంగారు? మొహానికి సబ్బుంటే పలకలేదు. నీళ్లు మాత్రం బ్రహ్మాండం!"

హయాత్‌కు ప్రాణం లేచొచ్చింది. "నా తండ్రే, నా బంగారమే!" అంటూ అల్లుడి తడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బుగ్గలూ కళ్లూ ముక్కూ ఆప్యాయంగా నిమిరాడు.

నజీర్ ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత ఎగిరాడు.

"అమ్మో! చచ్చాన్రోయ్! మామయ్యా, కరెంటు మీ చేతుల్లో ఉంది!"

జనం హయాత్‌కు దూరంగా జరిగారు. సైదాబీ ఒక్కతే జరగలేదు. మొగుడి ఎర్రటి అరచేతులు చూసింది. తన చేతులు చూసుకుంది. వీధి వీధంతా ఎర్రటి చేతులే. ఆ తర్వాత వాకిట్లో పట్టా వైపు చూసింది.

"చన్నీళ్లకు పడుకునే కారం," అంది మెల్లగా, "వేణ్ణీళ్లకు లేచిందయ్యా."

"నేను ముందే అనుకున్నా," అన్నాడు చలమయ్య, కర్ర వెనక్కి దాచుకుంటూ.

వీధికి కరెంటు మధ్యాహ్నానికి వచ్చింది. అల్లుడి కళ్లు సాయంత్రానికి తెరుచుకున్నాయి.