సువార్తమ్మ మినుములకు మొదటి బహుమతి

పందొమ్మిదో శతాబ్దం మరో నాలుగేళ్లలో ముగుస్తుందనగా, ద్రాక్షారామం దగ్గరి ఒక ఊళ్లో మినుములను బాగుచేయాలని పైవారికి బుద్ధి పుట్టింది. చిన్న రైతుల శ్రేయస్సును, సంతలో గిరాకీని దృష్టిలో పెట్టుకొని శ్రేష్ఠమైన రకాన్ని తేల్చవలసిందిగా తాకీదు వచ్చింది. వెంటనే మినుముల అభివృద్ధి సంఘం ఏర్పడింది. అధ్యక్షులు భూస్వామి సూర్యరాజుగారు. ఆయన జన్మలో గుప్పెడు విత్తనం చల్లి ఎరుగరు గనుక పక్షపాతం చూపరని అంతా సంతోషించారు. సభ్యులు ముగ్గురూ ఆయన బావమరుదులే.

సువార్తమ్మ రాజుగారి ఎకరం చేను కౌలుకు చేసుకునే మనిషి. ఆవిడకు ఎనిమిదేళ్లుగా ఒక పిచ్చి ఉంది. చేలో ఏ మొక్క తెగులు తగలకుండా, కాయలన్నీ ఒక్కసారే పండించుకుంటుందో దానికి దారం కట్టి, ఆ గింజలే బూడిదలో కలిపి కుండలో దాచేది. ఏటా అలా ఏరగా ఏరగా ఆవిడ మినుములు అందరికన్నా పదిరోజులు ముందు కోతకొచ్చేవి. కాకినాడ షావుకార్లు అడిగి మరీ కొనేవారు. సంతకం చేయడం రాని మనిషి చేసిన పని గనుక దీన్ని అభివృద్ధి అనడానికి వీల్లేదు.

రైతులందరూ తమ విత్తనం యావత్తూ సంఘానికి దాఖలు చేయాలనీ, పరీక్ష కాగానే వరికోతల లోపల తిరిగి ఇస్తారనీ దండోరా వేశారు. సువార్తమ్మ కుండంతా తెచ్చి అప్పగించింది.

మినుము గుణం తేలేది గారెలోనే గదా. రాజుగారి లోగిట్లో పందిరి వేసి, మూకుళ్లు పెట్టి, రోజుకో రైతు మినుములు నానబోసి రుబ్బించారు. ఊరివారిని సాక్షులుగా పిలిచారు. ఒకరి గారె నూనె పీల్చింది, ఇంకొకరిది రాయిలా గట్టిపడింది. అవన్నీ నాసిరకాలని తీర్మానించి, మిగిలిన గింజలు పక్కన పెట్టించారు. సువార్తమ్మ మినుముల వంతు రాగానే సభ్యులు మాటలు మాని తిన్నారు. ఒక్కసారి తిని తీర్పు చెప్పడం శాస్త్రం కాదని మర్నాడూ పరీక్షించారు. మూడోనాటికి కుండ అడుగు కనిపించింది.

ఆ సాయంత్రమే సువార్తమ్మ వచ్చి పందిరి బయట నిలబడింది.

"ఎల్లుండే కోతలండి రాజుగారూ. వరి నిలబడుండగానే నేలలో ఆ తడి పదునులో చల్లకపోతే మొలవ్వండి. నా ఇత్తనం ఇప్పించండి."

"ఓసి పిచ్చిదానా, నీ మినుములు గెలిచాయే! తాలూకా మొత్తంలో ఇలాంటి రకం లేదు!"

"మరి అవెక్కడండి?"

"పరీక్షలో వినియోగమయ్యాయి. ఒక్క గింజ వృథా పోలేదు" అన్నారు రాజుగారు గర్వంగా.

తక్కినవారికి వారి నాసి గింజలు తిరిగి పంచారు. సువార్తమ్మ తనకూ నాలుగు గుప్పెళ్లు ఇమ్మంటే సంఘం ససేమిరా అంది. మొదటి బహుమతి పొందిన రైతు చేత నాసిరకం చల్లించడం సంఘానికే అప్రతిష్ఠ అట. అందుకని ఎర్రముద్ర వేసిన యోగ్యతాపత్రం ఇచ్చారు. పక్కచేను సత్తియ్యను అడిగితే, "బహుమతి కొట్టినదానివి, మా ముష్టి గింజలు నీకెందుకమ్మా?" అన్నాడు. ఆవిడకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. కోతలు అయిపోయాయి, చేలో పదును ఆరింది, నేల నెర్రెలు విచ్చింది.

సంఘం నివేదిక పైకి వెళ్లింది. అపూర్వమైన రకం కనుగొన్నామనీ, దానికి సూర్యరాజు మినుము అని నామకరణం చేశామనీ అందులో రాశారు. విత్తనం పంపమని జవాబు వస్తే, రైతుల అజ్ఞానం వల్ల అది అంతరించిందని విచారం వెలిబుచ్చారు.

మాఘమాసంలో రాజుగారు కౌలు రద్దు చేసి, ఆ ఎకరం చిన్న బావమరిదికి ఇచ్చారు. సోమరితనంతో చేను బీడుపెట్టిందన్నది కారణం. సువార్తమ్మ తాలూకా కచేరీలో మొర పెట్టుకోగా, విచారణకు వచ్చిన గుమాస్తా ఊరందరినీ కూర్చోబెట్టి, "ఈ ఏడు ఆవిడ చేలో మినుము చల్లిందా, లేదా?" అని అడిగాడు.

లేదని అందరూ చెప్పారు. సత్తియ్యతో సహా అరవైముగ్గురు వేలిముద్రలు వేశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనవాళ్లు అబద్ధానికి వేలిముద్ర వేయరు.